ఆ కాగితం ఆమె కోసం రాయలేదు

(ఆస్పత్రి – కులం – చాకిరీ: 7వ భాగం)



గత భాగంలో ఆస్పత్రుల్లో ఔట్‌సోర్సింగ్ జీతాల గురించి రాశాను. అది చదివి ఒక నర్సింగ్ విద్యార్థిని అడిగింది: "అన్నా, ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చి ఎవరైనా చనిపోతే పేపర్లో 'సిబ్బంది నిర్లక్ష్యం' అని రాస్తారు. ఆ సిబ్బంది అంటే ఎవరు?"

ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకే. ముందే చెప్తున్నా, ఇందులో కొంత టెక్నికల్ విషయం ఉంటుంది. ఓపిగ్గా చదవండి. టెక్నికల్ అని మనం వదిలేసిన చోటే మన మీద తీర్పులు రాసేస్తారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. వైద్య పరికరాన్ని ఎలా శుభ్రం చేయాలో చెప్పే కాగితం ఒకటి ఉంటుంది. ఆ కాగితాన్ని, నిజంగా కడిగే మనిషి చేతిలో పెట్టి, ఆమె దాని ప్రకారం చేయగలుగుతోందా లేదా అని పరీక్షించాలి. అలా పరీక్షించకుండా ఆ మనిషి మీద "నిర్లక్ష్యం" అని రాసే హక్కు ఎవరికీ లేదు.

1. కడిగి మళ్లీ వాడేవి

ఆస్పత్రిలో సిరంజిలాగా ఒకసారి వాడి పారేసేవి కొన్ని. కడిగి మళ్లీ మళ్లీ వాడేవి చాలా. ఆపరేషన్ కత్తెర్లు, ఫోర్సెప్స్, గొంతులోకి దింపే లారింగోస్కోపు, కడుపులోకి పంపే ఎండోస్కోపు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లో వాడే ల్యాప్రోస్కోపు, వెంటిలేటర్ ట్యూబులు. పొద్దున ఒకరి ఒంట్లోకి వెళ్లింది మధ్యాహ్నం ఇంకొకరి ఒంట్లోకి వెళ్తుంది. ఈ రెండింటి మధ్యలో ఒక సింక్, ఒక బ్రష్, ఒక మనిషి ఉంటారు.

ఏ పరికరాన్ని ఎంత శుద్ధి చేయాలన్న దానికి ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఏళ్ల క్రితమే ఒక లెక్క ఇచ్చాడు. రక్తంలోకి, కండరంలోకి వెళ్లేదైతే ఒక్క క్రిమి కూడా మిగలకూడదు. నోరు, గొంతు, పేగు లోపలి పొరలను తాకేదైతే హై లెవెల్ డిసిన్ఫెక్షన్ చేయాలి. చర్మాన్ని మాత్రమే తాకేదైతే మామూలు శుభ్రత చాలు. పరికరం ఎక్కడ తాకుతుందన్న దాన్ని బట్టి ఆయన లెక్క. ఆ పరికరాన్ని ఎవరు తాకాలి అనేది మాత్రం మన దేశంలో వేరే లెక్క ప్రకారం నడుస్తుంది. అది మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ పరికరాల్ని ఎలా విప్పాలి, దేంతో కడగాలి, ఎంతసేపు నానబెట్టాలి, ఎలా ఆరబెట్టాలి అన్నది తయారుచేసిన కంపెనీ రాసి ఇవ్వాలి. దీనికి ఐఎస్ఓ 17664 అని అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. పుస్తకం వస్తుంది. ఆస్పత్రి దాన్ని ఒక పేజీకి కుదించి, లామినేషన్ చేసి సింక్ పైన అతికిస్తుంది. నేను చూసినవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

2. గోడ మీద కాగితం, సింక్ ముందు మనిషి

మా జిల్లాలో ఒక దవాఖానలో థియేటర్ సామాను కడిగే ఒక అక్కతో చాలాసేపు మాట్లాడాను. కాంట్రాక్టు కాగితంలో ఆమె హోదా స్వీపర్, కేటగిరీ అన్‌స్కిల్డ్. మాదిగ వాడ నుంచి వచ్చింది. ఆమెతో పాటు ఆ షిఫ్టులో పనిచేసే మిగతా ఇద్దరూ మన వాళ్లే.

"అక్కా, ఈ మందులో ఎంతసేపు నానబెడతవు?"

"ఇర్వై నిమిషాలు అన్నది సిస్టర్. గడియారం యాడున్నది తమ్మీ? చేతులకు గ్లౌజులు, ఫోన్ బయట పెట్టి రావాలె. అటు వార్డు ఊడ్చి వచ్చేసరికి అయిపోతది, తీస్త."

"ఎప్పుడన్న లోపటికెళ్లి తొందర చేస్తరా?"

"చేయకుంటరా? ఇంకో కేసు పండబెట్టినం, తీసుకరా అంటరు. ఇంక టైం కాలేదని నేను సర్‌కు చెప్తనా?"

ఇంతే సంభాషణ. ఇందులో ఆమె నిర్లక్ష్యం ఎక్కడుందో చూపించండి. 20 నిమిషాలు అని రాసిన కాగితానికి ఎదురుగా గడియారం లేదు. గడియారం ఉన్నా "ఇంకా టైం కాలేదు" అని సర్జన్‌కు చెప్పే అధికారం ఆమెకు లేదు. కాగితం రాసినాయన ఆ అధికారం తనకున్నట్టే, తనలాంటి వాళ్లకే రాశాడు.

కాగితంలో ఇంకేం ఉంటాయో చూద్దాం.

"1 శాతం హైపోక్లోరైట్ వాడవలెను." ఇది చదవడానికి ఒక్క లైను. చేయడానికి లెక్క. స్టోర్స్ నుంచి వచ్చిన డబ్బా 5 శాతమైతే ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు. 4 శాతమైతే మూడు వంతులు. 10 శాతమైతే తొమ్మిది. ఈ నెల ఒక బ్రాండు, వచ్చే నెల ఇంకో బ్రాండు. డబ్బా మారుతుంది, గోడ మీద కాగితం మారదు. డబ్బా మీద శాతం చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంటుంది. అందుకే ఆమె మగ్గు లెక్క పెట్టుకుంది. ఎవరో ఒకరోజు చూపించిన మగ్గు లెక్క అది. ఆ రోజు డబ్బాకు అది కరెక్టే.

"గ్లూటరాల్డిహైడ్ ద్రావణాన్ని 14 రోజుల తర్వాత మార్చవలెను." ఏ రోజు నుంచి 14? డబ్బా తెరిచిన తేదీ రాయడానికి స్టిక్కర్ ఉందా, పెన్ను ఉందా? పైగా తడి పరికరాలు ముంచీ ముంచీ ద్రావణం పలచబడుతుంది. 14 రోజుల లోపే బలం తగ్గిపోవచ్చు. అది తెలియాలంటే టెస్ట్ స్ట్రిప్పులు కావాలి. ఆ ఘాటు పీల్చి ఆస్తమా, చేతుల మీద దద్దుర్లు వచ్చేది మాత్రం ఆమెకే.

ఇంకా "క్షుణ్ణంగా", "తగినంత", "అవసరాన్ని బట్టి". ఈ మాటలకు కొలత లేదు. ఎన్నిసార్లు బ్రష్ చేస్తే క్షుణ్ణంగా? ఏది కనిపించకపోతే చాలు? రాసినవాడికి తెలియకపోతే ఆ మాట వాడతాడు. బాధ్యత చదివేవాళ్ల మీదికి జారిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది: ముందు కడగకుండా మందులో ఎంతసేపు నానబెట్టినా ఉపయోగం లేదు. రక్తం, చీము పొర కింద క్రిములు భద్రంగా ఉంటాయి. అంటే మొత్తం పనిలో ప్రాణాలు కాపాడే పని బ్రష్‌తో రుద్దడమే. కానీ కాగితాల్లో మందు పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, రుద్దడం ఏదో మధ్య లైన్లో ఉంటుంది. మందు అంటే సైన్సు, రుద్దడం అంటే చాకిరీ. ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించండి.

ఇంకో చిక్కు. వాడిన పరికరాన్ని ముందు 10 నిమిషాలు క్లోరిన్ నీళ్లలో వేసి తర్వాత కడగాలని మన దగ్గర ఏళ్ల తరబడి నేర్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మాన్యువల్ ఆ పద్ధతి వద్దంది. రక్తం తగిలితే క్లోరిన్ పనిచేయదు, పరికరం తుప్పు పడుతుంది, కడిగే మనిషికీ మంచిది కాదు అని. పాత చార్టు ఒక గోడ మీద, కొత్త మాన్యువల్ ఆఫీసు బీరువాలో ఉంటే, సింక్ ముందున్న మనిషి దేన్ని పాటించాలి? ఏది పాటించినా రేపు విచారణలో రెండోది చూపించి తప్పు పట్టవచ్చు.

3. పరీక్ష మనిషికి కాదు, కాగితానికి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దీన్ని యూజబిలిటీ టెస్టింగ్ అంటారు. ఇంజినీరింగ్, డిజైన్ చదివే మన పిల్లలు ఫోన్ యాప్‌ల విషయంలో ఈ మాట విని ఉంటారు. వైద్య పరికరాలకు కూడా ఇది ఉంది. ఐఈసీ 62366 అనే ప్రమాణం దీని గురించే.

పద్ధతి చాలా సింపుల్. పనిని రోజూ చేసే మనుషుల్లాంటి వాళ్లను పిలుస్తారు. కంపెనీ ఉద్యోగులు పనికిరారు. నిజమైన పరికరం, రక్తంలా ఉండే మురికి పూసి ఇస్తారు. నిజమైన సింక్, గ్లౌజులు, ఆప్రాన్. కాగితం చేతికిచ్చి "దీని ప్రకారం చేయండి" అంటారు. సాయం చేయరు, మధ్యలో సరిదిద్దరు. పక్కన నిలబడి ఒక్కో అడుగూ రాసుకుంటారు. ఏది సరిగ్గా చేశారు, ఎక్కడ ఆగి వెతుక్కున్నారు, ఏది వదిలేశారు. అయ్యాక అడుగుతారు: ఇక్కడ ఎందుకు ఆగారు? కాగితంలో ఏది అలా అనిపించేలా చేసింది? అమెరికా ఎఫ్‌డీఏ మార్గదర్శకాల ప్రకారం ఒక్కో రకం వాడకందార్లు కనీసం 15 మంది ఉండాలి.

ఇందులో రెండు విషయాలు నాకు రాజకీయంగా చాలా పెద్దవి.

ఒకటి. ఈ పరీక్షలో తప్పు జరిగితే ఫెయిల్ అయ్యేది కాగితం. మనిషి కాదు. ఎక్కువ మంది ఒకే చోట తడబడితే ఆ లైను తిరగరాయాలి, లేదా పరికరం డిజైనే మార్చాలి. తప్పు జరిగిన చోట కింది మనిషి కోసం వెతకడం మన సమాజానికి అలవాటు. సెప్టిక్ ట్యాంకులో మనిషి చనిపోతే "మాస్కు పెట్టుకోలేదు" అని చనిపోయినవాడి మీదే రాసే దేశం మనది. ఈ పరీక్ష ఆ అలవాటును తలకిందులు చేస్తుంది.

రెండు. ఈ పరీక్షలో "అర్థమైందా?" అని అడిగి సరిపెట్టుకోరు. చేయించి చూస్తారు. "అర్థమైందా?" అనే ప్రశ్న మన దగ్గర ఎలా పనిచేస్తుందో మనందరికీ తెలుసు. పెద్ద కులం డాక్టరో, సూపర్‌వైజరో నిలబడి "అర్థమైందా?" అంటే కాంట్రాక్టు మనిషి నోట్లోంచి "అయింది సర్" తప్ప ఇంకో మాట రాదు. అర్థం కాలేదంటే రేపు పనిలో ఉంటుందో లేదో. ఆ తలూపడాన్ని ట్రైనింగ్ రిజిస్టర్లో సంతకంగా మార్చి దాచుకుంటారు. ప్రమాదం జరిగిన రోజు ఆ సంతకమే ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం అవుతుంది.

4. ఇంగ్లీషు వచ్చినవాళ్లకూ అర్థం కాలేదు

"వాళ్లకు చదువు లేదు, ఎంత బాగా రాసినా ఏం లాభం, ట్రైనింగ్ ఇవ్వాలి" అంటారు. దీనికి అమెరికా కథ చెప్పాలి.

డ్యుయోడినోస్కోపు అని ఒక ఎండోస్కోపు ఉంది. పిత్త నాళంలో రాళ్లు, అడ్డంకులు తీయడానికి నోటి నుంచి చిన్నపేగు దాకా పంపిస్తారు. దాని చివర ఎలివేటర్ అనే చిన్న కదిలే ముక్క ఉంటుంది. దాని సందుల్లో మురికి ఇరుక్కుంటుంది. దీన్ని శుభ్రం చేయడం వందకు పైగా అడుగులున్న పని.

2013లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఆస్పత్రిలో, మందులకు లొంగని బ్యాక్టీరియా ఈ స్కోపుల ద్వారా పేషెంట్లకు పాకింది. సీడీసీ వచ్చి చూసింది. శుద్ధి చేసే పద్ధతిలో లోపం ఏదీ కనబడలేదు. 2015 మొదట్లో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏ ఆస్పత్రిలో ఏడుగురికి సోకింది, అందులో ఇద్దరు చనిపోయారు. తాము కంపెనీ చెప్పినట్టే శుభ్రం చేశామని ఆస్పత్రి చెప్పింది. ఆ ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ, అసలు ఆ పరికరం డిజైనే శుభ్రతకు అడ్డం కావచ్చని హెచ్చరించింది. మార్చిలో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. శుద్ధి సూచనలు అర్థమయ్యేలా ఉండాలి, ఆస్పత్రిలో చేయగలిగేలా ఉండాలి అని అందులో ఉంది.

తర్వాత అక్టోబరులో ఒలింపస్, ఫుజిఫిల్మ్, పెంటాక్స్ కంపెనీలను ఎఫ్‌డీఏ ఆదేశించింది: నిజమైన ఆస్పత్రుల్లో పరీక్షలు చేయండి, మీ సూచనలను సిబ్బంది అర్థం చేసుకుని పాటించగలుగుతున్నారో లేదో కూడా చూడండి అని. అవి సమయానికి జరగక 2018 మార్చిలో ముగ్గురికీ హెచ్చరిక లేఖలు వెళ్లాయి. చివరికి ఫలితాలు వచ్చాక తేలింది ఏమిటి? కంపెనీల పుస్తకాలు అర్థం చేసుకోవడం, పాటించడం కష్టంగా ఉంది. సిబ్బంది కొన్ని అడుగులు వదిలేస్తున్నారు. 2019 ఆగస్టులో ఎఫ్‌డీఏ ఆస్పత్రులకు ఏం చెప్పిందంటే, కడగలేని ఆ చివరి భాగాన్ని పారేసే విధంగా ఉన్న స్కోపులకు మారండి అని. పరీక్ష చేస్తే మారింది మనిషి కాదు, పరికరం.

వాళ్లు ట్రైనింగ్ ఉన్నవాళ్లు. ఇంగ్లీషు వాళ్ల భాష. ఎండోస్కోపులు కడిగే తీరును దగ్గర ఉండి గమనించి 2010లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో, చేత్తో కడిగినప్పుడు అన్ని అడుగులూ పూర్తయినవి 1.4 శాతం మాత్రమే. యంత్రం వాడినచోట 75.4 శాతం. యంత్రం ఉన్నా నాలుగింట ఒకటి తప్పింది. కడిగేవాళ్లు తొందరపెట్టే ఒత్తిడి ఉందని కూడా చెప్పారు. మన అక్క చెప్పిన మాటే.

కాబట్టి చదువు లేకపోవడం అనే సాకు ఇక్కడ చెల్లదు. అక్కడ చదువుకున్నవాళ్ల కోసం రాసి, ఆలస్యంగానైనా వాళ్లతో పరీక్షించి, ఫెయిల్ అయిన కాగితం అది. అదే కాగితం ఓడలో ఇక్కడికొచ్చి, ఏ పరీక్షా లేకుండా మన వాడ మనిషి నెత్తిన పడుతుంది.

5. కు.ని. శిబిరాల లెక్క

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో 34 మంది మహిళలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షన్ అన్నారు. విచారణ జరిగింది, డాక్టర్ల మీద, సిబ్బంది మీద చర్యలు తీసుకున్నారు.

అంతకు ముందు 2014 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే సర్జన్ కొన్ని గంటల్లో 83 మంది మహిళలకు ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా చనిపోయారు. వచ్చిన వాళ్లలో ఎక్కువ మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పేద ఆడవాళ్లు. మరణాలకు కారణం ఇచ్చిన మాత్రలా, ఇన్ఫెక్షనా అని వాదాలు నడిచాయి. నేను ఆ వాదంలోకి వెళ్లను. కూడికలు, గుణింతాలు మాత్రం చూద్దాం.

ఆ శిబిరంలో వాడింది ఒకే ల్యాప్రోస్కోపు అని వార్తలు వచ్చాయి. ఒక్కో ఆపరేషన్ తర్వాత దాన్ని 20 నిమిషాలు మందులో ఉంచాలి. 83ని 20తో గుణిస్తే 1,660 నిమిషాలు. అంటే 27 గంటల 40 నిమిషాలు. కడగడం, తుడవడం, ఆరబెట్టడం ఇంకా కలపలేదు. కొన్ని గంటల్లో అయిపోయిన శిబిరంలో 27 గంటల నానబెట్టడం ఎలా జరుగుతుంది? ఆ శిబిరంలో పరికరం కడిగిన మనిషి ప్రపంచంలోనే అత్యంత శ్రద్ధ గల మనిషి అయినా సరే, ఆ సూచనను పాటించలేదు. అంతెందుకు, శిబిరాల కోసం కేంద్ర ప్రభుత్వమే పెట్టిన నిబంధన ఏమిటంటే, ఒక టీము రోజుకు 30 ల్యాప్రోస్కోపీ ఆపరేషన్లు దాటకూడదు, దానికి మూడు ల్యాప్రోస్కోపులు ఉండాలి. అంటే ఒక్కో స్కోపుకు పది. పది ఇరవైలు 200 నిమిషాలు. అది జరిగే పని. లెక్క తెలిసినవాళ్లే నిబంధన రాశారు, టార్గెట్ల కోసం దాన్ని తొక్కేశారు.

సుప్రీంకోర్టు 2016లో దేవికా బిశ్వాస్ కేసులో ఈ శిబిరాలను మూడేళ్లలో ఆపే దిశగా వెళ్లమని చెప్పింది. ఆ తర్వాత ఆరేళ్లకు ఇబ్రహీంపట్నం.

యూజబిలిటీ పరీక్ష అంటే అక్షరాలు పెద్దవా చిన్నవా అని చూడటం మాత్రమే కాదని చెప్పడానికే ఈ లెక్క. ఇచ్చిన టైములో, ఇచ్చిన సామానుతో, ఇచ్చిన మనుషులతో ఈ కాగితం ప్రకారం పని జరుగుతుందా అన్నదే ఆ పరీక్ష. ఒక బకెట్, ఒక గడియారం, ఒక స్కోపు పెట్టి ఒక పూట చేయించి చూస్తే 83 అసాధ్యమని ఆ పూటే తేలిపోతుంది.

ఇంకో మాట. ఈ సింక్‌కు రెండు వైపులా మన వాళ్లే ఉన్నారు. కడిగేది మన అక్క. సర్కారు బల్ల మీద పడుకునేది మన చెల్లి. కాగితం తప్పితే ఒకరి ఉద్యోగం పోతుంది, ఇంకొకరి ప్రాణం పోతుంది. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత ఆస్పత్రిలో ఎలా ఉంటుందో చూడాలంటే విచారణ రిపోర్టు చదవండి. తప్పు ఒక్కో మెట్టూ కిందికి దిగుతుంది. సర్జన్ థియేటర్ ఇన్‌ఛార్జిని చూపిస్తాడు, ఇన్‌ఛార్జి సిస్టర్‌ను, సిస్టర్ ఆయాను. ఆయా చూపించడానికి కింద ఎవరూ ఉండరు.

6. మన లోపలి అభ్యంతరం

ఇది రాస్తున్నానని తెలిసి మన ఉద్యమంలోనే ఒక సీనియర్ అన్న గట్టిగా అడిగాడు: "చీపురు మన చేతిలోంచి తీయించాలని పోరాడుతున్నాం. నువ్వు చీపురుకు మంచి మాన్యువల్ రాయమంటున్నావా?"

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కానీ నా జవాబు ఇది. పరికరాలు శుద్ధి చేయడం చీపురు పని కాదు. దాన్ని చీపురు పనిగా చూపించింది కులం. వందకు పైగా అడుగులు, మందుల గాఢత లెక్క, టైము, పరికరం లోపలి నిర్మాణం తెలిసి చేయాల్సిన పని అది. అమెరికాలో న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఈ పని చేయాలంటే సర్టిఫికెట్ ఉండాలని చట్టమే చేశారు. మన దగ్గర పెద్ద ఆస్పత్రుల్లో సీఎస్ఎస్‌డీ అనే విభాగం, అందులో టెక్నీషియన్ పోస్టు ఉంటాయి. మరి చిన్న ఆస్పత్రిలో అదే పని చేసే మనిషి స్వీపర్ ఎలా అయింది? పోస్టు టెక్నీషియన్ అయినప్పుడు నోటిఫికేషన్ పడుతుంది, అన్ని కులాలూ దరఖాస్తు పెడతాయి. పోస్టు స్వీపర్ అయినప్పుడు కాంట్రాక్టరు నేరుగా మన వాడకు వస్తాడు.

నిజాయితీగా ఒక పరీక్ష జరిగితే మొదట బయటపడేది ఈ పనిలో ఎంత నైపుణ్యం ఉందన్నదే. ఒక్కో అడుగూ రాసి, దానికి పట్టే టైము రాసి, తప్పితే ఏమవుతుందో రాసి పెట్టిన రిపోర్టు చేతిలో ఉంటే "అన్‌స్కిల్డ్" అనే మాట నిలబడదు. జీతం పెంచమని, పోస్టు మార్చమని అడగడానికి మనకు దొరికే బలమైన కాగితం అదే. అందుకే దీన్ని వదలొద్దంటున్నాను.

"బొమ్మలతో చార్టు పెడితే సరిపోతుంది కదా" అనేవాళ్లకు కూడా ఒక మాట. బొమ్మలు మంచివే. కానీ బొమ్మను కూడా పరీక్షించాలి. ఒక గడియారం బొమ్మ వేసి పక్కన 20 అని రాస్తే అది 20 నిమిషాలా, 20 సార్లా అన్నది గీసినవాడికి స్పష్టం. చూసేవాళ్లకు స్పష్టమో కాదో వాళ్లతో చేయిస్తేనే తెలుస్తుంది. మన వాళ్లకు చదువు రాదని ముందే అనుకోవడం కూడా కులమే. ఇప్పుడు ఈ పనిలోకి ఇంటర్, డిగ్రీ చదివిన పిల్లలు కూడా వస్తున్నారు, వేరే పని దొరక్క. వాళ్లకు తెలుగులో రాసిస్తే హాయిగా చదువుతారు.

7. ఏం అడగాలి, ఏం చేయాలి

అడగాల్సినవి ఇవి.

ప్రభుత్వ ఆస్పత్రులకు పరికరాలు కొనేది తెలంగాణలో టీజీఎంఎస్ఐడీసీ, ఆంధ్రలో ఏపీఎంఎస్ఐడీసీ. కడిగి మళ్లీ వాడే ప్రతి పరికరం టెండర్లో ఒక షరతు పెట్టాలి: శుద్ధి సూచనలు తెలుగులో ఇవ్వాలి, అవి ఇక్కడి ఆస్పత్రిలో ఆ పని చేసే కార్మికులతోనే పరీక్షించిన రిపోర్టు జతచేయాలి. కొనేవాడు అడిగితే అమ్మేవాడు చేస్తాడు.

ఆపరేషన్ లిస్టు వేసే ముందు, పరికరాలు ఎన్ని, ఒక్కోటి శుద్ధికి పట్టే సమయం ఎంత అన్న లెక్క వేయాలి. "ఇంకా టైం కాలేదు" అని సింక్ దగ్గర మనిషి చెప్తే కేసు ఆగాలి. ఆ అధికారం రాతలో ఉండాలి.

ఇన్ఫెక్షన్ మీద ఏ విచారణ జరిగినా, ఎవరినీ సస్పెండ్ చేయకముందు అదే కాగితం, అదే సింక్, అదే టైముతో పని చేయించి చూడాలి. కాగితం ప్రకారం ఎవరూ చేయలేకపోతే ఆ తప్పు కాగితం రాసినవాళ్లది, పరికరాలు కొనివ్వనివాళ్లది.

ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి టీకా, మందం గల గ్లౌజులు, గాలి ఆడే గది, స్కిల్డ్ వేతనం ఇవ్వాలి.

ఇక విద్యార్థి మిత్రులు చేయగలిగినవి. సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా ఆస్పత్రికి దరఖాస్తు పెట్టండి. మూడు ప్రశ్నలు చాలు: ఎండోస్కోపులు, ల్యాప్రోస్కోపుల శుద్ధి సూచనల ప్రతి ఇవ్వండి, అవి ఏ భాషలో ఉన్నాయి? ఆ పని చేసేవారి పోస్టు పేరు, వేతన కేటగిరీ ఏమిటి? వారికి ఇచ్చిన శిక్షణ ఏ తేదీన, ఎన్ని గంటలు? వచ్చిన జవాబులన్నీ ఒకచోట చేరిస్తే అదే పెద్ద డాక్యుమెంట్ అవుతుంది.

నర్సింగ్, బయోమెడికల్, డిజైన్ చదివే వాళ్లు ప్రాజెక్టుగా ఈ పరీక్ష తీసుకోండి. తెలుగు చదివే వాళ్లను కలుపుకోండి, ఎందుకంటే సగం సమస్య భాషది. వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. పరీక్షిస్తున్నది కాగితాన్ని అని మొదటి నిమిషంలోనే ఆమెకు చెప్పండి. సూపర్‌వైజర్‌ను గదిలో ఉండనివ్వకండి. ఆమె సమయానికి డబ్బు ఇవ్వండి. ఆమె పేరు ఎక్కడా రాయకండి, ఆమె చెప్పిన సవరణ మాత్రం తప్పకుండా రాయండి. నేను మాట్లాడిన అక్క ఒకే ఒక్క సవరణ చెప్పింది: "ఆ మందు డబ్బ మీదనే, ఎన్ని మగ్గుల నీళ్లకు ఎన్ని మూతలు పొయ్యాల్నో తెలుగుల రాయుండ్రి." ఆ ఒక్క లైను డబ్బా మీద వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

నర్సింగ్ చదివే చెల్లి అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదీ. "సిబ్బంది" అనే మాటలో సర్జన్ నుంచి ఆయా దాకా అందరూ ఉంటారు. "నిర్లక్ష్యం" అనే మాట మాత్రం కింది మెట్టు మీదే ఆగుతుంది. రేపు నువ్వు స్టాఫ్ నర్సువై విచారణలో సాక్షిగా నిలబడిన రోజు, ఆయా వైపు వేలు చూపించే ముందు "ఆమెకు ఇచ్చిన కాగితం ఏది, దాన్ని ఎవరితో పరీక్షించారు?" అని అడుగు.

వచ్చే భాగంలో ఆస్పత్రి వ్యర్థాల గురించి రాస్తాను. పసుపు, ఎరుపు సంచులు, నీలం డబ్బాలు ఎవరు మోస్తున్నారు, సూదులు ఎవరి చేతుల్లో గుచ్చుకుంటున్నాయి అన్నది.

జై భీమ్.